పేరు స్పెల్లింగ్ మీద అనుమానమా? స్టార్ పెట్టి వెతకండి!



మన మూసాపేటను ఇంగ్లీషులో ఎలా రాయాలి? మెట్రో స్టేషన్ పేరులో ‘ఎం’ తర్వాత రెండు ‘ఓ’లు ఉంటాయి. మెయిన్ రోడ్డు మీద షాపుల బోర్డులు చదువుకుంటూ నడవండి, రెండు ‘ఓ’ల బదులు ఒక్క ‘యు’తో సరిపెట్టినవారూ కనిపిస్తారు. చివర ‘టి’ దగ్గర ఆపేవారు కొందరు, తెలుగులో పలికినట్టే ఇంకో ‘ఏ’ చేర్చేవారు కొందరు. మనుషులకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. ఆటో అబ్బాయి స్పెల్లింగ్ అడగకుండానే తీసుకొచ్చి దింపుతాడు. ఇబ్బందల్లా కంప్యూటర్‌తోనే. దాని లెక్కలో ఇవి వేర్వేరు ఊళ్లు.

ఊరి పేరు వరకైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ మన పిల్లల పేర్లూ, మన ఇంటిపేర్లూ ఇలాంటివే కదా! లక్ష్మిని ‘కె, ఎస్, హెచ్’ వేసి రాసేవారున్నారు, ‘ఎక్స్’తో తేల్చేసేవారున్నారు. శ్రీనివాస్‌లో ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ ఉందా లేదా, ‘ఆర్’ తర్వాత ‘ఐ’ ఒకటా, ‘ఈ’లు రెండా అన్నది రాసేవారి ఇష్టం. చౌదరి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. జనన ధ్రువీకరణ పత్రంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాత స్కూలు టీసీలో ఇంకోలా ఉన్న పేరును తల్లిదండ్రులు చాలాకాలం గమనించరు. గమనించేది ఎప్పుడంటే, ఏదో ఒక ఫారం చివరి తేదీ రోజు.

సీబీఎస్ఈ స్కూళ్లలో తొమ్మిదో తరగతిలోనే పిల్లల పేర్లు బోర్డు దగ్గర రిజిస్టర్ అవుతాయి. అక్కడ ఎక్కిన పేరే పదో తరగతి సర్టిఫికెట్ మీదికి వెళ్తుంది. ఆ సర్టిఫికెట్‌నే తర్వాత పాస్‌పోర్టుకీ, పై చదువుకీ, ఉద్యోగానికీ చూపించాలి. స్టేట్ బోర్డులోనూ పదో తరగతి మెమోకి ఉన్న బరువు ఇంతే. అందుకే పిల్లల పేరు ఎక్కడెక్కడ ఏ రూపంలో ఉందో ముందుగా వెతికి పెట్టుకోవడం మంచిది. ఆ వెతకడానికి పనికొచ్చే ఒక చిన్న పనిముట్టు గురించే ఈ నెల వ్యాసం. దాని పేరు వైల్డ్‌కార్డ్.

ఒక మనవి. ఈ పేజీ తెలుగు పేజీ కాబట్టి ఇంగ్లీషు అక్షరాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ‘ఎం’ అని ఉన్నచోట మీరు కీబోర్డు మీద ఆ ఇంగ్లీషు అక్షరం కొట్టండి. మధ్యలో ఖాళీ వదలకండి.

జోకర్ ముక్క

స్కూలు పత్రికలో పేకాట ప్రస్తావన ఏమిటని అనుకోకండి, ఆ మాట పుట్టిందే అక్కడ. పదమూడు ముక్కలాటలో జోకర్ చేతికొస్తే ఏం చేస్తారు? ఏ ముక్క తక్కువైతే ఆ ముక్క బదులు పెట్టి సెట్టు పూర్తి చేస్తారు. ఏ ముక్క స్థానంలోనైనా నిలబడగల ముక్కను ఇంగ్లీషులో వైల్డ్ కార్డ్ అంటారు. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఏ అక్షరం స్థానంలోనైనా నిలబడగల గుర్తుకు కూడా అదే పేరు స్థిరపడింది.

పిల్లలకు చెప్పేటప్పుడు పేకాట వద్దనుకుంటే ‘ఖాళీలను పూరింపుము’ అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. పరీక్షలో ఖాళీని మనం పూరిస్తాం. ఇక్కడ మనం ఖాళీ ఇస్తాం, కంప్యూటర్ తన దగ్గరున్న జాబితాలోంచి ఆ ఖాళీకి సరిపోయేవన్నీ తెచ్చి చూపిస్తుంది.

ఈ ఖాళీలు ముఖ్యంగా రెండు రకాలు. స్టార్ గుర్తు (*) అంటే ఎన్ని అక్షరాలైనా సరే, అసలు లేకపోయినా సరే. ప్రశ్న గుర్తు (?) అంటే కచ్చితంగా ఒకే ఒక అక్షరం, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇవి కొత్తవేమీ కావు. 1971లో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన యూనిక్స్ మొదటి ఎడిషన్‌లోనే ఫైళ్ల పేర్లను ఇలా వెతికే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. దాని పేరు గ్లోబ్.

మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా

చెబితే కంటే చేసి చూస్తే బాగా పట్టుబడుతుంది. మన రెడ్ లైన్ మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు 27 స్టేషన్లున్నాయి. పిల్లల చేత ఆ పేర్లన్నీ ఎక్సెల్ షీట్‌లో ఒకదాని కింద ఒకటి ఇంగ్లీషులో కొట్టించండి. తర్వాత కంట్రోల్, ఎఫ్ నొక్కి, ఆప్షన్స్‌లో ‘మ్యాచ్ ఎంటైర్ సెల్ కంటెంట్స్’ అనే గడిలో టిక్ పెట్టండి. ఈ టిక్ ముఖ్యం. అది లేకపోతే మీరిచ్చిన ముక్క పేరులో ఎక్కడున్నా సరేనని ఎక్సెల్ అనుకుంటుంది.

ముందు స్టార్ పెట్టి, వెంటనే ‘నగర్’ అని ఇంగ్లీషులో కొట్టి ‘ఫైండ్ ఆల్’ అనండి. అంబేద్కర్ బాలానగర్, భరత్ నగర్, ఎస్.ఆర్. నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్, మొత్తం ఐదు రావాలి. ‘నగర్’ ముందు ఖాళీ ఉన్నా, కలిపి రాసినా, పెద్ద అక్షరమైనా, చిన్న అక్షరమైనా వస్తాయి. ఇక్కడ ఎక్సెల్ పెద్దా చిన్నా చూడదు. అలాగే స్టార్ తర్వాత ‘పేట్’ అని వెతికితే మూసాపేట, అమీర్‌పేట, మలక్‌పేట, మూడు. హైటెక్ సిటీ వెళ్లేవారు అమీర్‌పేటలో మారి ఎక్కే బ్లూ లైన్ కూడా జాబితాలో చేర్చితే బేగంపేట కూడా వీటిలో కలుస్తుంది.

ఐదు రావాల్సిన చోట నాలుగే వచ్చాయా? ఆ తప్పిపోయిన పేరు మీద డబుల్ క్లిక్ చేసి కర్సర్ ఎక్కడుందో చూడండి. పేరు చివర ఎవరూ చూడని ఒక స్పేస్ ఉండి ఉంటుంది. ‘నగర్’తో పేరు ముగియాలని మనం చెప్పాం, అది స్పేస్‌తో ముగిసింది, కాబట్టి రాలేదు. చివర కూడా ఇంకో స్టార్ పెడితే వచ్చేస్తుంది. పేర్ల జాబితాల్లో ఈ కనిపించని స్పేస్ అంత తరచుగా ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇదే లైన్‌లో మూసాపేటతో పాటు మూసారాంబాగ్ కూడా ఉంది. తెలుగులో రెండూ ‘మూసా’తోనే మొదలు. ఇంగ్లీషులో మాత్రం మన మూసాపేటకు రెండు ‘ఓ’లు, మూసారాంబాగ్‌కు ఒక ‘యు’. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట్లో నలిగి మూసారాంబాగ్ అయిందని చెబుతారు. పేర్లు చెవులు మారినప్పుడల్లా ఇలాగే మారతాయి, అది వేరే కథ. మనకు కావలసింది ఏమిటంటే, ఒకే ఉచ్చారణకు ఒకే రైలు దారిలో రెండు స్పెల్లింగులున్నాయి.

ఎం, ఓ, ఓ, ఎస్, ఏ, స్టార్ అని వెతకండి. మూసాపేట ఒక్కటే వస్తుంది. ఎం, ప్రశ్న గుర్తు, ఎస్, ఏ, స్టార్ అని వెతకండి. ఈసారి మూసారాంబాగ్ ఒక్కటే వస్తుంది, ఎందుకంటే ‘ఎం’కీ ‘ఎస్’కీ మధ్య ఒకే అక్షరం ఉండాలని మనం షరతు పెట్టాం. ప్రశ్న గుర్తులు రెండు పెడితే మళ్లీ మూసాపేట. ఎన్ని అక్షరాలో మనకు తెలియనప్పుడు స్టారే దిక్కు. ఎం, స్టార్, ఎస్, ఏ, స్టార్ అంటే రెండూ వస్తాయి, మూడోది రాదు.

దీన్నిబట్టి స్టార్ ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. మనకు అనుమానం ఉన్న ప్రతి చోటా పెట్టాలి, అనుమానం లేని అక్షరాలు అలాగే ఉంచాలి. తెలుగు పేర్లలో అనుమానం ఎక్కువగా అచ్చుల దగ్గర, ఒత్తుల దగ్గర వస్తుంది. దీర్ఘానికి అక్షరం ఒకటా రెండా, ఒత్తుకు ‘హెచ్’ ఉందా లేదా. హల్లులు మాత్రం సాధారణంగా నిలకడగా ఉంటాయి. అందుకని శ్రీనివాస్ కోసం ఎస్, స్టార్, ఆర్, స్టార్, ఎన్, స్టార్, వి, స్టార్, ఎస్, స్టార్ అని ఇస్తే శ్రీనివాస్, శ్రీనివాసరావు, శ్రీనివాసులు, అన్నీ ఏ స్పెల్లింగ్‌లో ఉన్నా వస్తాయి. ఇంటిపేరో, ఇనీషియలో ముందుందనుకుంటే మొదట్లో కూడా ఒక స్టార్ పెట్టాలి.

మరీ ఎక్కువ స్టార్లు పెడితే ఏమవుతుంది? అక్కర్లేనివి కూడా వస్తాయి. పైన చెప్పిన శ్రీనివాస్ వెతుకులాటలో, శరణ్య అనే పేరు పక్కన వాసిరెడ్డి అనే ఇంటిపేరు ఉందనుకోండి, ఆ అమ్మాయి కూడా వచ్చి కూర్చుంటుంది! శరణ్యలో ఎస్, ఆర్, ఎన్ ఉన్నాయి, వాసిరెడ్డిలో వి, ఎస్ ఉన్నాయి, వరస కుదిరింది. కంప్యూటర్ తప్పేమీ లేదు. నా ఉద్దేశంలో ఇదేమంత నష్టం కాదు. వల వెడల్పుగా వేసి, పడినవాటిలోంచి మనకు కావలసినవి చేత్తో ఏరుకోవడం తేలిక. వల ఇరుగ్గా వేసి, పడనివి ఏమిటో తెలుసుకోవడం అసాధ్యం.

స్టార్ చేయలేని పని కూడా చెప్పాలి. అది స్పెల్లింగ్ తేడానే పట్టగలదు, పేరే మారిపోతే పట్టలేదు. మూసాపేట ప్రాంతం 2016 అక్టోబర్ 11 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉంది, ఆ తర్వాత మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోకి వచ్చింది. ఇంట్లో పెద్ద పిల్లల జనన పత్రం మీద ఒక జిల్లా, చిన్న పిల్లల దాని మీద ఇంకో జిల్లా ఉండటం అందుకే. ‘రంగా’కీ ‘రెడ్డి’కీ మధ్య స్పేస్ ఉందో లేదో అన్న అనుమానాన్ని ఒక స్టార్ తీరుస్తుంది. కొత్త జిల్లా పేరును మాత్రం మళ్లీ విడిగా వెతకాల్సిందే.

ఎక్సెల్‌లో జాగ్రత్త పడాల్సినవి

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కో, బర్త్‌డే పార్టీ జాబితానో, ఇంట్లో ఏదో ఒక ఎక్సెల్ షీట్ లేనివారు మనలో తక్కువ. అందుకని ఈ భాగం కాస్త ఎక్కువగా చెబుతాను.

మొదటిది, ప్రమాదకరమైనది. మార్కుల పట్టికలో కొన్ని అంకెల పక్కన స్టార్ గుర్తులున్నాయి, వాటిని తీసేయాలనుకున్నారు. ‘ఫైండ్’ గడిలో స్టార్ కొట్టి, ‘రీప్లేస్’ గడి ఖాళీగా వదిలి, ‘రీప్లేస్ ఆల్’ నొక్కారు. షీట్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది! స్టార్ అంటే ‘ఏదైనా సరే’ కదా, ఉన్నదంతా దాని కిందికే వస్తుంది. వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కితే తిరిగి వస్తుంది. నిజంగా స్టార్ గుర్తునే వెతకాలంటే దాని ముందు టిల్డా గుర్తు (~) పెట్టాలి. కీబోర్డులో ఎడమ వైపు పైన, ఒకటి అంకె పక్కన ఉంటుంది. ప్రశ్న గుర్తును వెతకడానికీ అదే పద్ధతి.

రెండోది అంకెలు. ‘98తో మొదలయ్యే ఫోన్ నంబర్లు ఎన్ని?’ అని కౌంట్‌ఇఫ్ ఫార్ములాలో 98 పక్కన స్టార్ పెట్టి అడిగితే, సున్నా అని జవాబు రావచ్చు. కళ్లెదుట ఇన్ని నంబర్లు కనిపిస్తుంటే సున్నా ఏమిటి? ఆ గడుల్లో ఉన్నవి ఎక్సెల్ దృష్టిలో సంఖ్యలు, అక్షరాలు కావు. ఇలాంటి ఫార్ములాల్లో వైల్డ్‌కార్డ్ అక్షరాల మీదే పనిచేస్తుంది. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఆధార్, ఫోన్, హాల్‌టికెట్ నంబర్లు మనం కూడేవీ, గుణించేవీ కావు కాబట్టి టెక్స్ట్‌గా ఉంచడమే సరైనది.

వీలుక్‌అప్ ఫార్ములా వాడేవారికి ఒక మాట. కచ్చితమైన జోడీ కోసం చివర ‘ఫాల్స్’ అని పెట్టినా సరే, వెతికే పదంలో స్టార్ ఉంటే అది వైల్డ్‌కార్డ్‌గానే పనిచేస్తుంది. కానీ దొరికిన మొదటి పేరు దగ్గరే ఆగిపోతుంది. లక్ష్మి అనే పేరుతో ముగ్గురుంటే మొదటి లక్ష్మి వివరాలే తెచ్చి ఇస్తుంది, ఇంకో ఇద్దరున్నారని చెప్పదు. అందుకే ముందు కౌంట్‌ఇఫ్‌తో ఎంతమంది ఉన్నారో చూసి, ఒక్కరే అయితేనే వీలుక్‌అప్ మాట నమ్మండి.

గూగుల్ షీట్స్ వాడేవారికి చిన్న తిరకాసు. అక్కడ కౌంట్‌ఇఫ్‌లో స్టార్ మామూలుగానే పనిచేస్తుంది. వెతికే పెట్టెలో మాత్రం పనిచేయదు. ‘ఫైండ్ అండ్ రీప్లేస్’లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ అనే టిక్ ఒకటి ఉంటుంది. అది పెడితే స్టార్ అర్థమే మారిపోతుంది. ‘నా ముందున్న అక్షరం ఎన్నిసార్లయినా రావచ్చు’ అని అర్థం. అక్కడ మన మామూలు స్టార్ పని కావాలంటే చుక్క పెట్టి, దాని పక్కన స్టార్ పెట్టాలి. చుక్క అంటే ఏదో ఒక అక్షరం, స్టార్ అంటే ఎన్నిసార్లయినా. ఈ రెండో రకం స్టార్ 1950లలో స్టీఫెన్ క్లీన్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త చేసిన పని నుంచి వచ్చింది. పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలు ఎస్‌క్యూఎల్‌లో ఇవే పనులకు పర్సెంట్ గుర్తు, కింది గీత వాడతారు. అందుకని ‘నాన్న స్టార్ అన్నాడు, పుస్తకంలో పర్సెంట్ ఉంది’ అని మీ అబ్బాయి వచ్చి అడిగితే ఇద్దరూ కరెక్టే అని చెప్పండి. ఆ ఉద్యోగాల్లోనే ఉన్న తల్లిదండ్రులు నన్ను మన్నించాలి, వారికి ఇది అ, ఆ లాంటిది.

తెలుగులో వెతికేటప్పుడు

ఇక్కడే అసలు సరదా ఉంది. ‘మూసాపేట’లో ఎన్ని అక్షరాలు? మూ, సా, పే, ట, నాలుగని ఒకటో తరగతి పాప కూడా చెబుతుంది. ఎక్సెల్‌లో ఒక గడిలో మూసాపేట అని తెలుగులో రాసి, పక్క గడిలో లెన్ ఫార్ములాతో పొడవు అడగండి. ఏడు అంటుంది. కంప్యూటర్ తెలుగును మనలా అక్షరాలుగా దాచుకోదు. మ ఒకటి, దాని దీర్ఘ కొమ్ము ఒకటి, స ఒకటి, దాని దీర్ఘం ఒకటి, ప ఒకటి, దాని ఏత్వం ఒకటి, చివరికి ట. లక్ష్మి అన్నా ఏడే. రెండు ఒత్తుల దగ్గరా కనిపించని పొల్లులు రెండున్నాయి, అవీ లెక్కలోకి వస్తాయి.

దీనివల్ల ప్రశ్న గుర్తు మనం అనుకున్నట్టు ప్రవర్తించదు. ర, ప్రశ్న గుర్తు, మ అని ఇచ్చామనుకోండి. మధ్యలో పూర్తి అక్షరం ఒకటున్న మూడక్షరాల పేరు వస్తుందని మనం అనుకుంటాం. వచ్చేది ‘రామ’! ఆ దీర్ఘమే మధ్యలో ఉన్న ఒక్క అక్షరం. అలాగే ‘రీమ’ కూడా రావచ్చు. ‘రమ’ మాత్రం రాదు, దానిలో మధ్యన ఏమీ లేదు. అదే స్టార్ పెడితే రమ, రామ, రమణమ్మ, రాధమ్మ అందరూ వస్తారు. తెలుగులో వెతికేటప్పుడు ప్రశ్న గుర్తు జోలికి వెళ్లకుండా స్టార్‌తోనే పని నడపడం మేలని నా సలహా.

పక్కనే ఉన్న కూకట్‌పల్లి ఇంకో రకం పరీక్ష పెడుతుంది. దాన్ని రాసేటప్పుడు ‘ట్’ పొల్లుగా నిలబడాలంటే దాని తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పడాలి. అది పడకపోతే ప అక్షరం వచ్చి ట కింద ఒత్తుగా కూర్చుంటుంది. కొన్ని కీబోర్డుల్లో ఆ గుర్తు దానంతట అదే పడుతుంది, కొన్నింటిలో పడదు. వెతికే పెట్టెలన్నీ ఈ తేడాను ఒకేలా చూడవు. ‘కూకట్’ తర్వాత స్టార్, ఆ తర్వాత ‘పల్లి’ అని ఇస్తే రెండు రూపాలూ వస్తాయి. అమీర్‌పేట, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అన్నింటిదీ ఇదే తంతు.

తెలుగు మాటలకు చివర ఏదో ఒకటి తగులుకుంటూనే ఉంటుంది. స్కూలు, స్కూలుకి, స్కూలులో, స్కూలునుంచి. ఇంగ్లీషులో ఒక్క మాటతో పని జరిగే చోట మనకు చివర స్టార్ తప్పనిసరి. అది కూడా మొదటి రెండు అక్షరాల తర్వాతే పెట్టడం మంచిది, ఎందుకంటే మన మాటలు లోపల కూడా మారతాయి. ‘బడి’ తర్వాత స్టార్ పెడితే బడికి, బడిలో దొరుకుతాయి, ‘బళ్లు’ దొరకవు. ‘ఊరు’ తర్వాత పెడితే ‘ఊళ్లో’ దొరకదు.

తెలుగు పీడీఎఫ్‌లలో ఒక్కోసారి ఎంత కొట్టినా ఏమీ దొరకదు. పేజీలో మాట కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. పాత అనూ ఫాంట్ల వంటి వాటితో తయారైన ఫైళ్లలో తెర మీద కనిపించేది తెలుగే అయినా లోపల దాగి ఉన్నవి వేరే సంకేతాలు. అలాంటప్పుడు స్టార్ కూడా ఏమీ చేయలేదు. కళ్లతో చదువుకోవాల్సిందే.

గూగుల్‌లోనూ ఇదేనా?

కాదు. గూగుల్‌లో స్టార్ అక్షరం బదులు నిలబడదు, మాట బదులు నిలబడుతుంది. సగం గుర్తున్న వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య రాసి, మరచిపోయిన మాట చోట స్టార్ పెట్టాలి. ‘ఇంట గెలిచి * గెలువు’ అని కొటేషన్లలో పెట్టి మీ పిల్లల చేత వెతికించండి. ‘ఆలస్యం * విషం’ ఇంకోటి. సామెతల హోంవర్క్ ఆటలా అయిపోతుంది. పేర్ల స్పెల్లింగుల విషయంలో గూగుల్ తానే దగ్గర దగ్గర రూపాలు ఊహించి తెస్తుంది కాబట్టి అక్కడ మనకు స్టార్ అవసరం అంతగా రాదు.

మాట లోపల స్టార్ ఎందుకు ఒప్పుకోదంటే, గూగుల్ లాంటివి పుస్తకం వెనక ఉండే ఇండెక్స్ లాంటిదాన్ని ముందే తయారు చేసుకుని దానిలో చూస్తాయి. అక్షర క్రమంలో రాసిన హాజరు పట్టీ ఊహించుకోండి. ‘ఎస్’తో మొదలయ్యే పేర్లు కావాలంటే టీచర్ నేరుగా ఆ చోటికి వెళ్తుంది. ‘ఎస్’తో ముగిసే పేర్లు కావాలంటే మొదటి నుంచి చివరిదాకా ప్రతి పేరూ చదవాలి. 27 స్టేషన్లకైతే పర్వాలేదు, కోట్ల పేజీలకు అది అయ్యే పని కాదు. చాలా వెబ్‌సైట్లు మాట మొదట్లో స్టార్ ఒప్పుకోకపోవడానికీ, ఒప్పుకున్నా నెమ్మదించడానికీ కారణం ఇదే.

జీమెయిల్‌లో స్టార్ పనిచేయదు. వర్డ్‌లో ‘యూజ్ వైల్డ్‌కార్డ్స్’ అనే టిక్ పెడితేనే పనిచేస్తుంది. బ్రౌజర్‌లో తెరిచిన పీడీఎఫ్‌లో కంట్రోల్, ఎఫ్ కొట్టి స్టార్ పెడితే అది నిజంగా స్టార్ గుర్తునే వెతుకుతుంది. ప్రవేశ పరీక్షల ఎంపిక జాబితాలు మనకు ఎక్కువగా పీడీఎఫ్ రూపంలోనే వస్తాయి కదా! పేరు దొరకలేదని అప్పుడే కంగారు పడకండి. ముందు హాల్‌టికెట్ నంబరుతో చూడండి, అదే అన్నిటికన్నా నమ్మకమైనది. నంబరు చేతిలో లేకపోతే పేరంతా కొట్టకుండా ఏ స్పెల్లింగ్‌లోనూ మారని చిన్న ముక్క మాత్రం కొట్టండి. శ్రీనివాస్‌కైతే ‘వాస్’ అనే మూడు అక్షరాలు చాలు. స్టార్ లేని చోట స్టార్ పని ఇలా జరిపించుకోవచ్చు.

కంప్యూటర్‌లోని ఫోల్డర్లలో మాత్రం స్టార్ హాయిగా పనిచేస్తుంది. విండోస్‌లో వెతికే పెట్టెలో స్టార్, చుక్క, పీడీఎఫ్ అని కొడితే ఆ ఫోల్డర్‌లోని పీడీఎఫ్‌లన్నీ వస్తాయి. అన్నట్టు, విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్న గుర్తు పెట్టబోతే ఒప్పుకోదు, గమనించారా? ఆ గుర్తునూ, స్టార్‌నూ వెతకడానికే కేటాయించి పెట్టుకుంది.

ఈ ఆదివారం ఒక గంట

పిల్లల కాగితాలన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఫైలు పేరులో బిడ్డ పేరు, కాగితం పేరు, సంవత్సరం ఉండేలా చూడండి. రేపు స్టార్ పెట్టి ‘ఆధార్’ అని వెతికితే ఇంట్లో అందరివీ ఒకేసారి రావాలి. తర్వాత ఒక ఎక్సెల్ షీట్‌లో ఒక కాలమ్‌లో కాగితం పేరు, పక్క కాలమ్‌లో దాని మీద అచ్చయిన పేరు ఉన్నది ఉన్నట్టు కొట్టండి. ఇనీషియల్ ఉంటే ఇనీషియల్‌గానే, స్పేస్ లేకపోతే లేకుండానే. మీకు సరైనదనిపించింది రాయకండి, కాగితం మీద ఉన్నదే రాయండి. జనన పత్రం, ఆధార్, పాత టీసీ, స్కూలు రికార్డు, పాస్‌పోర్టు ఉంటే అది, బ్యాంకు ఖాతా ఉంటే అది.

ఇప్పుడు స్టార్లు పెట్టిన పేరుతో కౌంట్‌ఇఫ్ అడగండి, ఎన్ని కాగితాలుంటే అంత సంఖ్య రావాలి. రాకపోతే ఒక కాగితంలో పేరు మీరు ఊహించనంతగా మారిందన్నమాట. తర్వాత స్టార్లేమీ లేకుండా, సర్టిఫికెట్ మీద ఎలా ఉండాలని కోరుకుంటున్నారో అచ్చం అలాగే రాసి అడగండి. మొదటి సంఖ్యలోంచి రెండో సంఖ్య తీసేస్తే, ఎన్ని చోట్ల పేరు తేడాగా ఉందో లెక్క వచ్చేస్తుంది. ఆరులో ఆరూ సరిపోయాయంటే సంతోషం. తేడా ఉంటే ముందు ఏది సరిచేయించాలన్నది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. ఆ షీట్ ప్రింట్ తీసుకుని క్లాస్ టీచర్‌ను కలవండి. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులు రిజిస్ట్రేషన్ మొదలుకాకముందే వస్తే మంచిది. ఆరు, ఏడు తరగతుల వారికైతే కావలసినంత సమయం ఉంది.

షీట్‌ను మాత్రం క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పిల్లల ఆధార్ కాపీ ఎవరికైనా పంపాల్సి వస్తే, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.